ఇరవై ఏడో భుజం

ఆస్పత్రిలో ఆవిడకి సున్నాల డాక్టరమ్మ అని పేరు. పెట్టింది స్కాన్ గదిలో పనిచేసేవాళ్ళు. మొహం మీద అనరు, అనేంత ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడకి మాత్రం తెలుసు. తెలిసీ తెలియనట్టుండేది, లోలోపల మురిసిపోయేది కూడా. ముప్ఫై ఏళ్ళుగా ఎముకల ఫొటోలు చదవడమే ఆవిడ పని. అందులోనూ మాటిమాటికీ జారిపోయే భుజాలంటే ప్రత్యేకమైన శ్రద్ధ. మన భుజాన్ని తయారుచేసినవాడెవడో గాని పనిలో కాస్త తొందరపడ్డాడు. చేతి ఎముక పైచివర బంతిలా ఉంటుంది. ఆ బంతి కూర్చునే చోటు గిన్నెలా లోతుగా ఉండాల్సింది పోయి టీ సాసరులా పలచగా ఉంటుంది. బంతి ఒకసారి జారిందంటే పోతూ పోతూ సాసరు అంచు విరగ్గొట్టి మరీ పోతుంది. అంచు విరిగాక ఇక అది అయినదానికీ కానిదానికీ జారుతూనే ఉంటుంది.

ఎంత అంచు పోయిందన్నదే అసలు ప్రశ్న. కొద్దిగా పోతే చిన్న ఆపరేషనుతో సరిపోతుంది, చిరిగిన పొరని తిరిగి ఎముకకి కుట్టేస్తారు. ఎక్కువ పోతే పెద్ద ఆపరేషను కావాలి, పక్కనుంచి ఎముక ముక్క తెచ్చి స్క్రూలతో బిగించాలి. కొద్దికీ ఎక్కువకీ మధ్య ఆ ఆస్పత్రి సర్జను పెట్టుకున్న గీత ఇరవై శాతం. ఆ శాతం చెప్పాల్సింది డాక్టరమ్మ. సి.టి. స్కాన్‌లో సాసరుని ఎదురుగా తిప్పి పెట్టి, విరగకుండా మిగిలిన అంచు వెంట కంప్యూటరు మీద ఒక సున్నా గీస్తుంది. ఆ సున్నాలో ఎముక లేని జాగా ఎంతో లెక్క తేలుతుంది. చెప్పడానికి ఇంతే. ఫొటో ఓ పిసరు పక్కకి ఒరిగినా, సున్నా ఓ పిసరు చిన్నదైనా అంకె మారిపోతుంది. అంకె మారితే ఆపరేషను మారుతుంది, ఆపరేషను మారితే ఒక మనిషి బతుకు మారుతుంది. అందుకే తన దగ్గర నేర్చుకోడానికి వచ్చే డాక్టర్లకి ఆవిడ మొదటిరోజే చెప్పేది: "పేరు చూడకముందు కొలవండి. ఒక్కసారి, జాగ్రత్తగా, అంతే. సర్జను రాసిన చీటీ తర్వాత చదువుకోవచ్చు."

అలాంటి మనిషి కాబట్టే, ఉద్యోగం ఇంకో ఏడాదిలో ముగుస్తుందనగా ఆవిడకో కోరిక పుట్టింది. తమ ఆస్పత్రిలో ఈ కొలతలని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చి, కాగితం మీద పెట్టి మరీ వెళ్ళాలని. పాత స్కాన్లలోంచి, లాటరీ తీసినట్టు, నలభై భుజాలు తీయించింది. పేర్లూ తేదీలూ చెరిపించి ఒకటి నుంచి నలభై దాకా అంకెలు వేయించింది. తనూ, తన దగ్గరే నేర్చుకున్న మరో ఇద్దరు డాక్టర్లూ ఒకరి కొలత ఒకరు చూడకుండా అన్నిటినీ కొలిచారు. ఎనిమిది వారాలు ఆగి, వరస మార్చి, మళ్ళీ కొలిచారు. ఒకే మనిషి రెండుసార్లు కొలిస్తే ఒకే అంకె వస్తుందా, ముగ్గురు కొలిస్తే ముగ్గురికీ దగ్గరగా వస్తుందా అన్నది పరీక్ష.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆవిడ ఆగే రకం కాదు.

"పరీక్ష అని తెలిస్తే ఎవరైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొలుస్తారు. అదేం గొప్ప? అప్పట్లో రిపోర్టుల్లో రాసిన అంకెలు కూడా పక్కన పెట్టండి. అప్పుడు బయటపడుతుంది అందరి బండారం," అంది లెక్కల మాస్టారుతో. ఆ నలభై రిపోర్టుల్లో ముప్ఫై దాకా ఆవిడ రాసినవే. బయటపడే బండారం తనది కాదని అంత ధీమా.

లెక్కల మాస్టారంటే పాఠాలు చెప్పే మాస్టారు కాదు, ఆస్పత్రిలో గణాంకాలు చూసే పెద్దమనిషి. బక్కపలచటి ఒళ్ళు, మెడలో దారం కట్టిన కళ్ళజోడు. ఎవరైనా ఎలా ఉన్నారండీ అని పలకరిస్తే "సగటున బాగానే ఉన్నాను" అంటాడు. ఆయన ఒక మధ్యాహ్నం కాగితాల కట్ట పట్టుకుని, తెరలు దించిన డాక్టరమ్మ గదిలోకి వచ్చాడు.

"మీ చెయ్యి చెయ్యి కాదండీ, డాక్టరుగారూ," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ముప్ఫై తొమ్మిది భుజాల్లో మీ అంకె ఒకటీ రెండుకి మించి అటూ ఇటూ కదల్లేదు. నా సర్వీసులో ఇంత నిలకడ చూళ్ళేదు."

"ముప్ఫై తొమ్మిదేమిటి? నలభై కదా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయన అద్దాలు తుడుస్తున్నాడంటే చెప్పడానికి ఇబ్బందిపడే సంగతేదో ఉందన్నమాట.

"ఇరవై ఏడో నంబరొకటి పంటికింద రాయిలా తగిలిందండీ. పరీక్షలో మీకు ఒకసారి ఇరవై మూడు, ఇంకోసారి ఇరవై నాలుగు. మిగతా ఇద్దరికీ ఇరవై రెండూ, ఇరవై మూడూ. అందరూ ఒకే మాట మీద ఉన్నారు. పాత రిపోర్టులో మాత్రం పదహారని ఉంది."

"ఎవరు రాశారు?"

"మీరేనండీ." మాస్టారు అద్దాలు మళ్ళీ తుడిచాడు. "టైపు చేయడంలో పొరపాటై ఉంటుంది. దాన్నొక్కదాన్నీ పక్కన పెట్టేద్దాం. కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క రాస్తే ఎవరూ అడగరు. పట్టికంతా కడిగిన ముత్యంలా ఉంటుంది."

"ఫైలు నంబరు చెప్పండి."

ఆయన జాబితా విప్పి చదివాడు. ఆరంకెలు. నాలుగో అంకె దగ్గరే ఆవిడకి తెలిసిపోయింది. మిగతా రెండూ వినక్కర్లేకపోయింది. మూడేళ్ళుగా ఎన్ని చీటీల మీద, ఎన్ని మందుల కాగితాల మీద తన చేత్తో రాసిన నంబరది. తమ్ముడి కూతురి ఫైలు.

"చూసి చెప్తాను, మాస్టారూ. కాగితాలు ఇక్కడ ఉంచండి," అంది.

తమ్ముడు దర్జీ. ఊరు మధ్య సందులో చిన్న కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. పిల్లకి ఐదేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పట్నుంచి పిల్లకి తల దువ్వడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, పెద్దమనిషి అయ్యాక చెప్పాల్సినవి చెప్పడం, అన్నీ మేనత్తే. ఏటా బడి తెరిచే ముందు కొట్లో ఒక తతంగం జరిగేది. తమ్ముడు టేపు పట్టి కొలుస్తూ అంకె పలికేవాడు. అక్క కొలతల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాసేది. పిల్ల రెండు చేతులూ బార్లా చాపి, చక్కిలిగింతలకి మెలికలు తిరుగుతూ నిలబడేది. "కదలకే, కోతీ! చొక్కా వంకరొస్తే నాకు చెడ్డపేరు," అని తమ్ముడు కసిరేవాడు. పిల్ల పెరిగి ఉద్యోగంలో చేరాక కూడా ఆ తతంగం మానలేదు. పుస్తకం అక్క చేతిలో తప్ప వేరేవాళ్ళ చేతిలో పెట్టేవాడు కాదు. "అక్క రాసిందంటే ఇక తిరిగి చూసుకోనక్కర్లేదు," అనేవాడు ఎవరొచ్చినా.

పిల్ల చేరిన ఉద్యోగం ఈత నేర్పడం. పురపాలక సంఘం వాళ్ళ ఈతకొలనులో, నీళ్ళంటే కెవ్వుమనే పిల్లలని చేపపిల్లల్లా చేసి ఇంటికి పంపేది. ఒకరోజు తడిసిన మెట్ల మీద కాలు జారి, కుడిచేతి మీద పడింది. భుజం జారింది. సరిచేశారు. మళ్ళీ జారింది. ఆరోసారి జారినప్పుడు నిద్రలో పక్కకి ఒత్తిగిలింది, అంతే. స్కాన్ తీశారు.

ఆ ఉదయం సర్జను అననే అన్నాడు, "మీ ఇంటి పిల్ల కదండీ, వేరేవాళ్ళ చేత కొలిపిద్దామా?" అని.

"ఏం, నా చేతికేమొచ్చింది?" అని ఈవిడ గయ్యిమంది.

పిల్ల వచ్చి ఆవిడ గది తలుపు పట్టుకుని నిలబడింది. "అత్తా, పెద్ద ఆపరేషనని మాత్రం అనకు. వేసవి క్లాసులకి అరవైమంది పేర్లిచ్చారు. పెద్ద ఆపరేషనైతే ఈ ఏడాదంతా ఒడ్డు మీద కూర్చోవాలి."

"అనడానికి నేనెవర్నే? ఎముక ఏమంటే నేనూ అదే అంటా," అని నవ్వింది అత్త.

ఎముక అనవలసిందేదో అంది. మొదటి సున్నాకి ఇరవై రెండు వచ్చింది. ఫొటో కాస్త ఒరిగినట్టుందే అనుకుని, సరిచేసి మళ్ళీ గీసింది. పంతొమ్మిది. కింది అంచు దగ్గర సున్నా మరీ బయటికి పోయిందేమోననిపించి ఇంకోసారి గీసింది. పదహారు. అక్కడ ఆగింది. రిపోర్టు రాసింది. తలుపు దగ్గరున్న పిల్లకేసి చూసి కన్నుగీటింది కూడా.

ఎవరికైనా ఒక్కసారే కొలిచే తను, సొంతపిల్ల కదా అని మూడుసార్లు కొలిచానని ఈ మధ్యాహ్నం దాకా ఆవిడకి గర్వంగానే ఉండేది. ఇప్పుడు ఆ చీకటి గదిలో, మాస్టారు వదిలివెళ్ళిన కాగితాల ముందు కూర్చుంటే అసలు సంగతి అర్థమైంది. అది జాగ్రత్త కానేకాదు. పదహారు ముందే వచ్చుంటే రెండోసారి గీసేదా? గీసేది కాదు. మూడోసారీ ఇరవై రెండే వచ్చుంటే ఆగేదా? ఆగేది కాదు, నాలుగోసారి గీసేది. నచ్చిన అంకె వచ్చేదాకా గీసి, నచ్చిన అంకె దగ్గర ఆగింది. ఇన్నేళ్ళ అనుభవం ఆ పూట పనికొచ్చింది ఎందుకంటే, ఎక్కడ పిసరు నొక్కితే ఎంత తగ్గుతుందో ఆ చేతికి బాగా తెలుసు కాబట్టి.

అంతకంటే బాధపెట్టింది ఇంకొకటుంది. పరీక్ష కోసం అదే భుజాన్ని రెండుసార్లు కళ్ళముందు పెట్టుకుని కొలిచింది. గుర్తుపట్టలేదు. నూనె రాసి మర్దన చేసిన భుజం, జ్వరంలో దుప్పటి కప్పిన భుజం. పేరు చెరిపేస్తే అది ఇరవై ఏడో నంబరు. గుర్తుపట్టలేదు కాబట్టే నిజం కొలవగలిగింది. ఆ ఆలోచన వచ్చాక ఆవిడ బల్ల మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది.

పదహారన్నారు కాబట్టి చిన్న ఆపరేషను చేశారు. చేతిని మెడకి వేలాడదీసే బెల్టు ఆరువారాలు తీయొద్దన్నారు. మూడోవారంలో పిల్ల ఒక పూట తీసింది. తను లేకపోతే నీళ్ళలో దిగనని ఒక చంటిది గోలపెడుతుంటే, బెల్టు తీసి, నడుంలోతు నీళ్ళలో దాని చెయ్యి పట్టుకుని పావుగంట నిలబడింది. పట్టుకున్నది మంచి చేత్తోనే. ఎనిమిది నెలలకి, పదిమంది పిల్లలు చూస్తుండగా, చెయ్యి వెనక్కి విసరడం చూపిస్తూ నీళ్ళలోనే కెవ్వుమంది. భుజం మళ్ళీ జారింది.

"చెప్పినన్నాళ్ళూ బెల్టు ఉంచుకున్నావా, అమ్మా?" అని అడిగాడు సర్జను. ఆయన తప్పేం లేదు, అడగాల్సిన ప్రశ్నే. పిల్లకి అబద్ధం చేతకాదు. చెప్పేసింది. కారణం దొరికింది కదా, ఇక వేరే కారణం వెతికే పని ఎవరికీ లేకపోయింది. కొత్త స్కాన్‌లో ముప్ఫై వస్తే, మళ్ళీ జారడం వల్ల అంచు ఇంకా అరిగిందని రాసింది కూడా ఈ మేనత్తే. అప్పుడు పెద్ద ఆపరేషను చేశారు. భుజం ఇక జారలేదు, లేవనూ లేదు. చెయ్యి భుజం ఎత్తు దాకా లేచి అక్కడ ఆగిపోతుంది. నీళ్ళలోకి వద్దని, పిల్లకి కొలను గుమ్మం దగ్గర కుర్చీ ఇచ్చి, లాకర్ల తాళాలు ఇచ్చే పని అప్పగించారు.

"చేజేతులా చేసుకున్నావు," అన్నాడు తండ్రి. ఒకసారి కాదు, మూడేళ్ళుగా అంటూనే ఉన్నాడు. కోపంలో అన్నాడు, కోపం తగ్గాక అలవాటుగా అన్నాడు. అతను కుట్టిన చొక్కాలు తల మీంచి తొడుక్కునేవి. చేతులెత్తితే గాని దూరవు. పిల్ల అడగలేదు, అతను అడగలేదు. దర్జీ కూతురు బజారులో గుండీల చొక్కాలు రెడీమేడ్‌వి కొనుక్కుని తొడుక్కోవడం మొదలుపెట్టింది. కొలతల పుస్తకం బయటికి రాలేదు.

రెండు రోజులు ఆవిడ పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఆ కాగితాలని బ్యాగులో పెట్టుకుని తిరిగింది. మనసు ఊరుకుంటుందా, సాకులు అందిస్తూనే ఉంది. పదహారే అయినా ఆపరేషను నిలబడేదని ఎవరు రాసిచ్చారు? ఇరవై మూడు అని చెప్పి ఉంటే అంతా సవ్యంగా జరిగేదని ఎవరికి తెలుసు? ఇప్పుడు చెప్తే పిల్ల చెయ్యి లేస్తుందా? లేవదు. మిగిలింది ఏడాది. పట్టిక కడిగిన ముత్యంలా ఉంటుంది. మూడోరోజు ఏ నిర్ణయమూ లేకుండానే, కాళ్ళు తీసుకెళ్ళినట్టు కొలను దగ్గరికి వెళ్ళింది.

పిల్ల గుమ్మం దగ్గర కుర్చీలో ఉంది. ఎదురుగా ఒక తల్లీ, మణికట్టుకి కట్టుతో ఆరేళ్ళ కూతురూ. చిన్నది ఆ కట్టు తీసేసి నీళ్ళలో దిగుతానని మారాం చేస్తోంది.

"ఇలా చూడు, బంగారం," అంటోంది పిల్ల. కుడిచెయ్యి ఎంత లేస్తుందో అంతా ఎత్తి చూపించింది. "నేనూ నీలాగే తొందరపడి తీసేశాను. చూశావా, ఇంక పైకి రాదు. డాక్టరు చెప్పినట్టు వినకపోతే ఇలాగే అవుతుంది. నువ్వు తీయవుగా?"

చిన్నది భయంగా తల ఊపింది. తల్లి, పాపం, అన్నట్టు చూసి వెళ్ళిపోయింది. పిల్ల అత్తని చూసి నవ్వింది. "నా కథ వింటే ఒక్కళ్ళూ మారాం చేయరత్తా. ఇప్పటికి ఎంతమందికి చెప్పానో! ఆ మాత్రమైనా పనికొచ్చింది."

ఇక అత్త ఒక్కక్షణం కూడా ఆగలేకపోయింది. నీళ్ళు నమల్లేదు, ముందుమాటలు చెప్పలేదు.

"ఇంకెవరికీ చెప్పకు ఆ కథ. అది నిజం కాదు," అంది.

పక్కనున్న బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పింది. నలభై భుజాల సంగతి, ఇరవై ఏడో నంబరు సంగతి. ఇరవై రెండు, పంతొమ్మిది, పదహారు. కన్నుగీటడం కూడా చెప్పింది. లోపల పిల్లల కేకలు, నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. మధ్యలో ఎవరో వచ్చి తాళం అడిగితే పిల్ల ఎడంచేత్తో తీసిచ్చింది.

"నాకు చూపించు," అంది అంతా విన్నాక.

డాక్టరమ్మ తన గదిలో కంప్యూటరు ముందు పిల్లని కూర్చోబెట్టి, ఆ పాత స్కాన్ తెరిచి, సాసరుని ఎదురుగా తిప్పి పెట్టింది. విరగని అంచు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉందో వేలితో చూపించింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. పిల్ల కుడిచేత్తో మౌస్ పట్టుకుంది. దానికి భుజం ఎత్తక్కర్లేదు కదా. నెమ్మదిగా, నాలుక పళ్ళమధ్య పెట్టుకుని, చిన్నప్పుడు అక్షరాలు దిద్దినట్టే, అంచు వెంట సున్నా గీసింది. పక్కన అంకె పడింది. ఇరవై నాలుగు.



"ఇంత తేలికా, అత్తా?"

"తేలికే."

"ముందే పెద్ద ఆపరేషన్ చేసుంటే, నేనిప్పుడు ఈదుతూ ఉండేదాన్నా?"

"ఏమో. ఈదుతూ ఉండేదానివేమో. చెప్పలేను, తల్లీ."

పిల్ల మౌస్ వదిలేసి ఒళ్ళో చేతులు పెట్టుకుంది. ఏడుస్తుందనుకుంది అత్త. ఏడవలేదు. "మూడేళ్ళు నీ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను. నిన్ను నువ్వు క్షమించుకోవే అన్నావు. తల నిమురుతూ అన్నావు. క్షమించుకోడానికి నేనేం చేశానత్తా?"

"నేనూ నమ్మానే. ఒట్టు, నేనూ నమ్మాను."

"నువ్వు నమ్మావు. నాన్న నమ్మాడు. నేనూ నమ్మాను," అంది పిల్ల. లేచి నిలబడింది. "నాన్నకి నువ్వే చెప్పు. నేను చెప్తే సాకు వెతుక్కుందంటాడు."

వెళ్ళేముందు ఆవిడ మాస్టారుకి ఫోన్ చేసింది. ఇరవై ఏడు ఉండాలండీ, తీయొద్దు అంది. ఆయన కాస్త నసిగాడు. కింద చిన్న అక్షరాల్లో ఏం రాయమంటారని అడిగాడు. "చిన్న అక్షరాలేం వద్దు. మామూలు అక్షరాల్లోనే రాయండి. కొలిచిన డాక్టరుకి ఆ రోగి ఎవరో తెలుసు అని," అంది. అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. అద్దాలు తుడుస్తున్నాడని ఆవిడకి అర్థమైంది.

సాయంత్రం కొట్లో తమ్ముడు మిషను మీదున్నాడు. అక్కని చూసి స్టూలు ముందుకి తోశాడు. వెనకాలే కూతుర్ని చూసి తల దించుకుని మళ్ళీ కుట్టులో పడ్డాడు. పిల్ల లోపలికి వెళ్ళలేదు, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అక్క స్టూలు మీద కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. రెండు మాటలయ్యేసరికి మిషను ఆగింది. ముగించేసరికి అతని చేతులు గుడ్డ మీద అలాగే ఉండిపోయాయి.

"పదహారన్నావుగా," అన్నాడు చివరికి.

"అన్నాను. తప్పన్నాను. చేజేతులా చేసింది అది కాదురా, నేను."

కోప్పడతాడనుకుంది. కోప్పడితే బాగుండుననుకుంది. అతను అక్కకేసి చూసిన చూపులో కోపం లేదు. దారి తప్పిన మనిషి, వచ్చిన దారి ఎక్కడ మలుపు తిరిగిందో వెతుక్కుంటున్నట్టు ఉంది.

"నువ్వు కొలిచావు కదక్కా," అన్నాడు. "నువ్వు కొలిచిందాంట్లో తప్పుండదు. ఇంక తప్పెవరిది? దానిదే అయ్యుండాలి అనుకున్నాను. నీ అంకె మీద నమ్మకంతోనే కదా దాన్ని ఇన్నాళ్ళూ..." అంటూ మాట పూర్తి చేయలేక మొహం తిప్పుకున్నాడు.

ఆవిడకి ఆస్పత్రి గదిలో తెలిసింది తన తప్పులో సగమే. రెండో సగం ఇప్పుడు తెలిసింది. ముప్ఫై తొమ్మిది భుజాల్లో కదలని తన చెయ్యే, ఆ మంచిపేరే, మూడేళ్ళు పిల్లని నేరస్తురాలిగా నిలబెట్టింది. ఎప్పుడూ తప్పులుచేసే మనిషైతే ఎవరో ఒకరు ఇంకోసారి కొలిపించేవారు.

తమ్ముడు లేచాడు. మెడలో ఉన్న టేపు తీసి చేతిలో పట్టుకుని కూతురి ముందు నిలబడ్డాడు. ఏం అనాలో తెలియక, తనకి తెలిసిన మాటే అన్నాడు.

"చెయ్యి ఎత్తమ్మా."

అన్నాక గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నాడు. "వద్దొద్దు. ఎంతవరకు లేస్తే అంతవరకే. ఈసారి ముందు గుండీలు పెడతాను. భుజం దగ్గర కూడా విప్పుకునేలా పెడతాను."

పిల్ల చెయ్యి ఎత్తింది. అది భుజం ఎత్తుకొచ్చి ఆగింది. తండ్రి ఆ చెయ్యి కింద తన అరచెయ్యి ఆసరా పెట్టి, రెండో చేత్తో టేపు సాగదీశాడు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి కూతుర్ని ముట్టుకున్నాడు. పిల్ల అప్పుడు ఏడ్చింది, శబ్దం లేకుండా, కదలకుండా, చొక్కా వంకర రాకూడదన్నట్టు. అతను ఒకసారి కొలిచాడు. అంకె పలకబోయి ఆగి, మళ్ళీ కొలిచాడు.

అలమరా తలుపు తీసే ఉంది. కొలతల పుస్తకం పైనే కనిపిస్తోంది. ఆవిడ అలవాటు కొద్దీ స్టూలు మీద కూర్చుని, రాయడానికి చెయ్యి చాపింది. తమ్ముడు ఆ చేతిని చూశాడు. చూసి, పుస్తకం తనే తీసుకుని, చెవి మీది పెన్సిలు అందుకుని, మిషను మీదికి వంగి తనే రాసుకున్నాడు.